సరకు రవాణా నిర్ణయాలు: అనుభవజ్ఞుల అంచనా, సాఫ్ట్‌వేర్ లెక్క – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

సరకు ఎప్పుడు తెప్పించాలి, ఎంత నిల్వ ఉంచాలి, ఏ దారిన పంపాలి అనే నిర్ణయాలు నేటి వ్యాపార సంస్థల్లో ఎక్కువగా సాఫ్ట్‌వేర్ సూచనల ఆధారంగా జరుగుతున్నాయి. ఆ సూచనను యథాతథంగా పాటించాలా, అనుభవాన్ని నమ్మి సవరించాలా అనే చర్చ తరచుగా మనిషికీ యంత్రానికీ మధ్య పోటీగా సాగుతుంది. ఈ పోటీ అసలు సమస్యను మరుగుపరుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పార్సెళ్ల పంపిణీ, దుకాణాల నిల్వలు, అమ్మకాల అంచనాలకు సంబంధించిన పరిశోధనలను పరిశీలించి, భారతీయ తర్కశాస్త్రంలోని ‘ఉపాధి’ భావనను కొలమానంగా స్వీకరించి, ఏ సవరణ జ్ఞానమవుతుంది, ఏది అలవాటుగానే మిగులుతుంది అనే విషయాన్ని వివేచిస్తుంది.

కీలకపదాలు: సరకు రవాణా, అంచనా, స్ఫురణ, సాఫ్ట్‌వేర్, పిన్‌కోడ్, ఉపాధి, అనుభవజ్ఞానం.

1. ఉపోద్ఘాతం

ఒక డ్రైవరు ఉదయం 120 చిరునామాలకు చేర్చవలసిన పార్సెళ్లతో బయలుదేరతాడు. ముందు ఎక్కడికి, తరువాత ఎక్కడికి వెళ్లాలన్నది చూడటానికి చిన్న ప్రశ్న. కాని 120 చోట్లను పేర్చగల క్రమాలను లెక్కిస్తే వచ్చే సంఖ్యలో 199 అంకెలు ఉంటాయి. వాటన్నింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించటం మనిషికే కాదు, కంప్యూటరుకూ సాధ్యం కాదు. అయినా ఆ డ్రైవరు సాయంత్రానికి పని ముగించుకొని వస్తాడు. అతడు లెక్క వేయలేదు. అలాగని గుడ్డిగానూ వెళ్లలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్నదాన్నే వ్యాపార నిర్వహణ గ్రంథాలు స్ఫురణ, అంతర్‌దృష్టి వంటి పేర్లతో వ్యవహరిస్తున్నాయి.

ఈ స్ఫురణకూ సాఫ్ట్‌వేర్ సాధనాలకూ గల సంబంధాన్ని గురించి రెండు వాదాలు ప్రచారంలో ఉన్నాయి. మనిషి పక్షపాతాలకు లోనవుతాడు కనుక నిర్ణయాన్ని లెక్కకే అప్పగించాలన్నది మొదటిది. క్షేత్రస్థాయి వాస్తవం లెక్కకు అందదు కనుక చివరి మాట అనుభవజ్ఞుడిదే కావాలన్నది రెండవది. రెండింటికీ బలమైన ఆధారాలు ఉన్నాయి. ఎవరి మాట చెల్లాలి అనే ప్రశ్న దగ్గరే రెండూ ఆగిపోవటం వాటి ఉమ్మడి లోపం. మాట చెల్లటానికి యోగ్యత ఎక్కడినుంచి వస్తుందన్నది ఈ పరిశీలనలో ప్రధానాంశం.

2. పదవిచారణ: స్ఫురణ – అంచనా – ఉజ్జాయింపు

‘స్ఫురణ’, ‘అంతర్‌దృష్టి’ అనే మాటలకు తెలుగులో కవిత్వ, ఆధ్యాత్మిక సందర్భాల వాసన ఉంది. కారణం లేకుండా హఠాత్తుగా మెరిసే జ్ఞానం అనే అర్థాన్ని అవి వెంట తెస్తాయి. వ్యాపార వ్యవహారంలో తెలుగువారు వాడుకునే మాటలు వేరు: అంచనా, ఉజ్జాయింపు, బేరీజు. అంచనాను ‘వేస్తారు’, అది పని. ఉజ్జాయింపు తప్పితే ఎంత తప్పిందో మరునాడు తెలుస్తుంది. బేరీజులో లాభనష్టాలు రెండూ ఉంటాయి. ఈ మాటలన్నింటిలోనూ పరీక్షకు నిలవవలసిన బాధ్యత ఉంది. లారీలోకి ఎన్ని బస్తాలు ఎక్కుతాయో చూడగానే చెప్పగలిగిన మేస్త్రీది దివ్యదృష్టి కాదు. అనేకసార్లు తప్పి, దిద్దుకొని, స్థిరపడిన అంచనా.

అలంకారశాస్త్రంలోనూ ఇటువంటి విచక్షణ ఉంది. కావ్యహేతువును చెప్పేటప్పుడు మమ్మటుడు కేవలం సహజశక్తితో ఆగలేదు. నిపుణతను, అభ్యాసాన్ని కూడా చేర్చి, మూడూ కలిసి ఒకే హేతువవుతాయని ప్రతిపాదించాడు. కవి ప్రతిభకే అభ్యాసం అవసరమైనప్పుడు గిడ్డంగి పర్యవేక్షకుడి స్ఫురణను అభ్యాసం నుంచి విడదీసి కీర్తించటంలో ఔచిత్యం లేదు. అందువల్ల ఈ వ్యాసంలో ఇకపై ‘అంచనా’ అనే పదమే ప్రధానంగా వాడబడుతుంది.

3. సాధనంలో దాగిన మనిషి

సాఫ్ట్‌వేర్‌ను మనిషికి ఎదురుగా నిలబెట్టే వాదం ఒక విషయాన్ని మరచిపోతుంది. ప్రతి సాధనం వెనుకా ఎవరో ఒకప్పుడు చేసిన మానవ నిర్ణయం ఉంటుంది. 1972 ఆగస్టు 15న దేశంలో అమలులోకి వచ్చిన పిన్‌కోడ్ ఇందుకు మంచి నిదర్శనం. దాని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్ కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అధికారి. సంస్కృత కవి కూడా. ఒకే పేరుగల ఊళ్లు, అనేక భాషలు, అనేక లిపులు కలిసి ఉత్తరాల వర్గీకరణను చిక్కుపరుస్తున్న కాలంలో ఆరు అంకెల సంఖ్య ఆ చిక్కును విప్పింది. తెలుగునాట ఎన్ని కొత్తపల్లులు, ఎన్ని రామాపురాలు ఉన్నాయో తలచుకుంటే దాని ప్రయోజనం బోధపడుతుంది. తెలుగు రాష్ట్రాల పిన్‌కోడ్‌లన్నీ 5తో మొదలవుతాయి. అంతకు ముందు వర్గీకరణ గుమాస్తా జ్ఞాపకంలో ఉన్న భూగోళం అప్పటి నుంచి కవరు మీది గడుల్లోకి వచ్చింది. జ్ఞానం పోలేదు, చోటు మారింది.

అమెరికాకు చెందిన పార్సెల్ సంస్థ యూపీఎస్ రూపొందించిన ‘ఓరియన్’ అనే మార్గనిర్దేశక వ్యవస్థ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 2013లో విస్తృతంగా అమలు మొదలైన ఈ వ్యవస్థ 2016 నాటికి ఆ దేశంలో సుమారు 55,000 మార్గాలకు చేరింది. పూర్తి అమలుతో ఏటా సుమారు 10 కోట్ల మైళ్ల ప్రయాణం, కోటి గ్యాలన్ల ఇంధనం ఆదా అవుతాయని సంస్థ ప్రకటించింది. 2016లో దీనికి కార్యాచరణ పరిశోధన రంగంలో ప్రతిష్ఠాత్మకమైన ఫ్రాంజ్ ఎడెల్‌మన్ పురస్కారం లభించింది.

ఈ విజయాన్ని గణితం ఒక్కటే సాధించలేదు. అతి తక్కువ దూరం గల మార్గం రోజుకొక తీరుగా మారితే డ్రైవరు అలవాటు చెదురుతుంది. రోజూ ఒకే వేళకు పార్సెల్ అందుకునే దుకాణదారుకు ఇబ్బంది కలుగుతుంది. అందువల్ల దూరాన్ని తగ్గించటంతో పాటు మార్గపు నిలకడను కూడా లెక్కలో చేర్చవలసి వచ్చింది. వాహనాలు రోడ్డుకు కుడివైపున నడిచే అమెరికాలో ఎడమకు తిరగాలంటే ఎదురుగా వచ్చే వాహనాల కోసం ఆగాలి. భారతదేశంలో కుడిమలుపు దగ్గర వచ్చే ఇబ్బందే అది. అటువంటి మలుపులను వీలైనంత తగ్గించాలన్న నియమం ఆ సంస్థలో ఓరియన్‌కు ముందునుంచే ఉంది. అంటే డ్రైవర్ల దారిలో పుట్టిన వివేకం ముందు నియమమై, తరువాత లెక్కలో భాగమైంది.

4. దారి తప్పటమా, దారి తెలియటమా?

2021లో అమెజాన్ సంస్థ ఎంఐటీ విద్యాసంస్థతో కలిసి ఒక పరిశోధన పోటీ నిర్వహించింది. సాధారణంగా ఇటువంటి పోటీల్లో అతి తక్కువ దూరం గల మార్గాన్ని కనుగొనమంటారు. ఇక్కడ అలా అడగలేదు. అనుభవజ్ఞులైన డ్రైవర్లు నిజంగా నడిచిన మార్గాలను ఇచ్చి, వారు కొత్త రోజున ఏ క్రమంలో వెళతారో ఊహించగల పద్ధతిని రూపొందించమన్నారు. డ్రైవర్లు సాఫ్ట్‌వేర్ చూపిన దారిని విడిచి వెళ్లటాన్ని లోపంగా కాక సమాచారంగా చూడటం ఈ పోటీలోని ముఖ్యమైన మార్పు. ప్రథమ బహుమతి లక్ష డాలర్లు విలియం కుక్, స్టెఫాన్ హెల్డ్, కెల్డ్ హెల్స్‌గౌన్‌లకు దక్కింది. ముగ్గురూ మార్గగణితంలో దీర్ఘకాలం కృషి చేసినవారు. ఒక పేట పూర్తిచేసిన తరువాత ఏ పేటకు వెళ్లాలి అన్న విషయంలో డ్రైవర్ల నడకలో కనిపించిన క్రమాన్ని వారు నిబంధనలుగా మార్చుకొని, ఆ నిబంధనల లోపల తక్కువ ఖర్చు మార్గాన్ని వెదికారు. గణితంలో ఆరితేరినవారు గెలిచింది డ్రైవర్ల నడకను శ్రద్ధగా చదివి.

ఈ విషయానికి తెలుగు నగరాలలో మరింత ప్రాధాన్యం ఉంది. హైదరాబాదులోని పాత పద్ధతి ఇంటి సంఖ్య వార్డు, బ్లాకు, ఇల్లు అనే వరుసలో ఉంటుంది. స్థలాలు విడిపోయి కొత్త కట్టడాలు వచ్చిన చోట ఆ సంఖ్యకు ఉపసంఖ్యలు చేరతాయి. సంఖ్యల వరుసను చూసి ఇళ్ల వరుసను చెప్పలేని వీధులు అనేకం ఉన్నాయి. అందుకే చిరునామా చివర ‘రామాలయం వెనుక’, ‘నీళ్ల ట్యాంకు ఎదురుగా’ అనే మాటలు తప్పవు. ఈ సమస్యకు సమాధానంగా తపాలాశాఖ ఐఐటీ హైదరాబాదు, జాతీయ దూరసంవేదన కేంద్రాల సహకారంతో రూపొందించిన ‘డిజిపిన్’ 2025లో విడుదలైంది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల గడులుగా విభజించి, ప్రతి గడికీ పది అక్షరాంకెల గుర్తును ఇవ్వటం దీని పద్ధతి.

ఇది విలువైన ప్రయత్నం. అయితే గడి ఎక్కడ ఉందో తెలియటం వేరు, గడికి చేరటం వేరు. అపార్ట్‌మెంట్ వెనుకగోడ దగ్గరి గడికి దూరం పది మీటర్లే కావచ్చు. గేటు మాత్రం చుట్టూ తిరిగితే అవతలి వీధిలో ఉంటుంది. సంత జరిగే రోజున ఆ వీధిలోకి వాహనం పోదు. మధ్యాహ్నం రెండు గంటల తరువాత కాపలాదారు మారతాడు. పటం చూపలేని ఈ విషయాలు డ్రైవరుకు తెలుసు. అతడు వేరే దారిన వెళ్లినప్పుడు దారి తప్పాడని యాప్ నమోదు చేస్తుంది; దారి తెలిసి వెళ్లాడని నమోదు చేసే గడి దానిలో లేకపోతే ఆ జ్ఞానం అపరాధంగా కనిపిస్తుంది.

5. అంచనా తప్పే చోట్లు

క్షేత్రజ్ఞానాన్ని ఇలా సమర్థించటం అంచనా ఎప్పుడూ సరైనదని చెప్పటం కాదు. 1960 ప్రాంతంలో ఎంఐటీలో రూపొందిన ‘బీరు పంపిణీ ఆట’ ఇందుకు ప్రసిద్ధమైన హెచ్చరిక. చిల్లర వర్తకుడు, టోకు వర్తకుడు, పంపిణీదారు, కర్మాగారం అనే నాలుగు పాత్రల్లో ఆటగాళ్లు కూర్చుంటారు. వినియోగదారుల గిరాకీ వారానికి 4 పెట్టెల నుంచి 8 పెట్టెలకు ఒక్కసారి పెరిగి అక్కడే నిలిచిపోతుంది. మారింది అంతే. అయినా వెనుకకు పోయేకొద్దీ ఆర్డర్లు పెద్ద అలలుగా లేస్తాయి. ముందు కొరత, తరువాత గుట్టలుగా నిల్వ. ఈ ఆట ఫలితాలను విశ్లేషించి జాన్ స్టెర్మన్ 1989లో ప్రకటించిన పరిశోధన కారణాన్ని స్పష్టం చేసింది. తాము ఇప్పటికే ఆర్డరు చేసి, ఇంకా దారిలో ఉన్న సరకును ఆటగాళ్లు తగినంతగా లెక్కలోకి తీసుకోరు. కంటి ముందున్న ఖాళీ అర, దారిలో వస్తున్న లారీని మరిపిస్తుంది. గుర్తుంచుకోవటం, కూడటం, ఆగటం – ఈ మూడింటిలో సాఫ్ట్‌వేర్ మనిషి కన్నా నమ్మదగినది.

సూక్ష్మమైన చిత్రం రాబర్ట్ ఫిల్డెస్, పాల్ గుడ్‌విన్ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో కనిపిస్తుంది. నాలుగు సంస్థల్లో 60,000కు పైగా అమ్మకాల అంచనాలను వారు పరిశీలించారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను ఉద్యోగులు పెద్ద ఎత్తున మార్చినప్పుడు సగటున మేలు జరిగే అవకాశం ఎక్కువగా ఉంది. కొద్దిపాటి మార్పులు తరచుగా నిష్ప్రయోజనమో హానికరమో అయ్యాయి. అంకెను తగ్గించిన సవరణలు పెంచిన సవరణల కన్నా మెరుగుగా నిలిచాయి. పెంచిన చోట అత్యాశ దోషం కనిపించింది.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. అంకెను పెద్దగా మార్చే ఉద్యోగికి సాధారణంగా ఒక నిర్దిష్టమైన సమాచారం ఉంటుంది: ఒక పెద్ద కొనుగోలుదారు వెనుదిరిగాడనో, ఒక ప్రకటన రాబోతుందనో. 97ను 100 చేసేవాడికి సాధారణంగా అటువంటి సమాచారం ఉండదు. తన చెయ్యి కూడా పడాలన్న కోరిక ఉంటుంది. పెంచేవాడిని తరచుగా నడిపించేది తెలిసిన విషయం కాదు, జరగాలనుకున్న విషయం. అంచనాలోని దోషం అది మనిషిది కావటంలో లేదు. దానికి ఆధారం లేకపోవటంలో ఉంది.

6. నియమం చూడనిది: దుకాణంలోని పని

ఆధారం ఉన్నా దాన్ని ఎవరూ అడగని సందర్భానికి సూపర్ మార్కెట్ల ఉదాహరణ ఉంది. వాన్ డాన్సెలార్, అతని సహపరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం ఐరోపాకు చెందిన ఒక సూపర్ మార్కెట్ల గొలుసును పరిశీలించింది. సరకు ఎంత తెప్పించాలో అక్కడి సాఫ్ట్‌వేర్ సూచించేది. దుకాణాల నిర్వాహకులు ఆ సూచనలను క్రమం తప్పకుండా మార్చేవారు. పైకి చూస్తే ఇది మొండితనం. మార్పుల సరళిని గమనించినప్పుడు వేరొక విషయం బయటపడింది. రద్దీ రోజుల్లో రావలసిన ఆర్డర్లను వారు రద్దీ లేని రోజులకు ముందుకు జరుపుతున్నారు. పెట్టెలు విప్పి అరల్లో సర్దే మనుషుల శ్రమ సాఫ్ట్‌వేర్ లెక్కలో లేదు. నిర్వాహకుల లెక్కలో ఉంది. సాఫ్ట్‌వేర్ నిల్వ ఖర్చును చూసింది, నిర్వాహకులు నడుములను చూశారు. నిర్వాహకులకూ సంస్థకూ ప్రయోజనాలు అన్నిచోట్లా ఒకటి కావని కూడా ఆ పరిశోధకులు గుర్తించారు. అందువల్ల ప్రతి మార్పునూ వివేకంగా పొగడటానికి వీలులేదు. కాని ఆ మార్పులనుంచి మెరుగైన నియమాన్ని నిర్మించవచ్చని వారు చూపారు.

7. ‘ఉపాధి’ – ఒక కొలమానం

పై ఉదాహరణల్లో మంచి సవరణను చెడ్డ సవరణ నుంచి వేరుచేసే లక్షణాన్ని చెప్పటానికి తర్కశాస్త్రంలో ఒక మాట సిద్ధంగా ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నది సరైన అనుమానం. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందనటం సరైనది కాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పుకు తడికట్టె తోడైనప్పుడే పొగ వస్తుంది. ఆ తడికట్టె సంబంధాన్నే తార్కికులు ‘ఉపాధి’ అంటారు. ఒక నియమం నిజం కావటానికి చాటుగా తోడ్పడుతూ, నియమంలో పేర్కొనబడని షరతు అది. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ ఉదాహరణతోనే ఉపాధిని వివరించాడు.

మార్గాలను, నిల్వలను సూచించే సాఫ్ట్‌వేర్ కూడా గత సమాచారం నుంచి చేసే అనుమానమే. దూరం తక్కువైతే సమయం తక్కువ పడుతుందన్నది దాని వ్యాప్తి. గేటు తెరిచి ఉండటం, సంత లేకపోవటం, వాహనం నిలపటానికి చోటు ఉండటం దానిలో పేర్కొనబడని ఉపాధులు. సర్దే మనుషులు అందుబాటులో ఉండటం దుకాణపు లెక్కకు ఉపాధి. అనుభవజ్ఞుడు చేసే విలువైన పని లెక్కను ధిక్కరించటం కాదు, దాని ఉపాధిని చూపటం. ఉపాధిని చూపిన సవరణ జ్ఞానం. చూపలేని సవరణ అలవాటో ఆశో మాత్రమే. 97ను 100 చేసిన ఉద్యోగి ఏ ఉపాధినీ చూపలేడు. గోడ వెనుక గేటు లేదని చెప్పిన డ్రైవరు చూపగలడు.

దీనికి ఒక ఆక్షేపం ఉంది. మనిషికి తెలిసినదంతా మాటల్లో చెప్పలేడని మైఖేల్ పొలాన్యీ 1966లోనే తన గ్రంథంలో ప్రతిపాదించాడు. కారణం చెప్పలేని అనుభవజ్ఞుణ్ణి తోసిపుచ్చటం అన్యాయం కాదా? ఈ ఆక్షేపం బలమైనదే. దీనికి సమాధానం దుకాణాల ఉదాహరణలో ఉంది. ఒక్కొక్క సవరణకు కారణం వెంటనే చెప్పలేకపోయినా, సవరణలన్నీ భద్రపరిచి, వాటి ఫలితాలతో కలిపి చదివితే దాగిన ఉపాధి బయటపడుతుంది. చెప్పలేకపోవటం తప్పు కాదు. చెప్పటానికీ చదవటానికీ అవకాశం లేకుండా సవరణను చెరిపివేయటమే తప్పు.

8. సవరించే హక్కు – ఊరటా, బాధ్యతా?

బర్క్‌లీ డీట్‌వోర్స్ట్, అతని సహచరులు 2015లో ప్రకటించిన ప్రయోగాల ప్రకారం, లెక్క తప్పటం ఒకసారి చూసినవారు అంతకన్నా ఎక్కువ తప్పే మనిషిని నమ్మటానికైనా సిద్ధపడతారు. 2018లో వారు మరొక విషయం చూపారు: లెక్క ఇచ్చిన ఫలితాన్ని కొద్దిగానైనా మార్చుకునే వీలు ఇస్తే మనుషులు దాన్ని వాడటానికి ఎక్కువగా ఒప్పుకుంటారు. మార్చగల మేర చాలా తక్కువైనా సరే.

ఈ రెండవ ఫలితం నిర్వాహకులకు ఉపయోగకరం, విమర్శకులకు ఆందోళనకరం. సవరించే హక్కును ఉద్యోగి మనసు కుదుటపరచే ఊరటగా ఇస్తే, అతని జ్ఞానం అవసరం లేదనే అర్థం. చిన్న సవరణలు తరచుగా నిష్ప్రయోజనమని ముందటి అధ్యయనం చెప్పింది. చిన్న సవరణలకే అనుమతించి, పెద్ద సవరణకు కారణం చెప్పే చోటు లేకుండా చేస్తే సంస్థ మనిషిలోని అలవాటును నిలుపుకొని, జ్ఞానాన్ని పోగొట్టుకున్నట్లవుతుంది.

భాష కూడా ఈ ప్రశ్నలో భాగమే. ‘ఆ సందులో బోరు వేస్తున్నారు’, ‘శుక్రవారం ఆ గుడి ముందు బండి ఆగదు’ అనేవి తెలుగు డ్రైవరు నోట సహజంగా వచ్చే కారణాలు. పరాయి భాషలో ముందే రాసిపెట్టిన నాలుగైదు కారణాల నుంచి ఒకటి ఎంచుకోమంటే అతడు ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతాడు. నమోదు జరుగుతుంది, జ్ఞానం నమోదు కాదు. అదే కారణాన్ని అతని భాషలో చెప్పనిచ్చి, మరునాటి మార్గంలో చేర్చితే సాధనం ఎదుగుతుంది. పిన్‌కోడ్‌కు రూపకర్త పేరు చరిత్రలో నిలిచింది. మార్గాల పోటీలో గెలిచినవారికి బహుమతి దక్కింది. ఆ పోటీకి మూలమైన నడక డ్రైవర్లది. వారి సవరణ లెక్కలో కలిసిన తరువాత వారికి దక్కేది కనీసం నిందలేని పనిదినమైనా కావాలి. తర్కంలో షరతు అనే అర్థం గల ‘ఉపాధి’ నేటి తెలుగులో జీవనాధారం. డ్రైవరు విషయంలో ఈ రెండర్థాలూ కలిసిపోయాయి: లెక్కలోని ఉపాధిని చూపినందుకు అతని ఉపాధికి ముప్పు రాకూడదు.

9. ముగింపు

సరకు రవాణా నిర్ణయాల్లో స్ఫురణకూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఉన్నట్లు కనిపించే వైరం వాస్తవానికి పాత అనుభవానికీ కొత్త అనుభవానికీ మధ్య సంభాషణ. పిన్‌కోడ్, ఓరియన్ వంటి సాధనాల్లో పాత మానవ వివేకం స్థిరపడి ఉంది. గుర్తుంచుకోవటంలో, కూడటంలో, తొందరపడకుండా ఉండటంలో సాధనానిది పైచేయి. పేర్కొనబడని షరతును గుర్తించటంలో క్షేత్రంలో ఉన్న మనిషిది పైచేయి. ఎవరి మాట చెల్లాలన్న ప్రశ్నకు బదులు, ఈ సవరణ ఏ ఉపాధిని చూపుతోంది, అది ఎక్కడ నమోదవుతోంది, రేపటి లెక్కలో చేరుతోందా అనే మూడు ప్రశ్నలు వేయటం సమంజసం. వీటికి సమాధానం ఉన్న సంస్థలో సాఫ్ట్‌వేర్ తప్పినా దిద్దుకుంటుంది, మనిషి తప్పినా నేర్చుకుంటాడు. సమాధానం లేని చోట గోడ వెనుక లేని గేటు దగ్గరికి యాప్ రేపు మరొక డ్రైవరును పంపుతుంది.